మొదటి ప్రశ్న కొట్టేయి బిడ్డా

చిరంజీవికి హనుమకొండ నుంచి పెద్దబాపు ఆశీస్సులు.

నీ వీడియో ఛానెల్ కోసం చేయబోయే ఇంటర్వ్యూకు వాట్సాప్‌లో నువ్వు పంపిన ప్రశ్నలు చదివాను. ముందే డబ్బులు కట్టించుకొని, చెప్పిన టైముకు వీడియో గేమ్ ఇవ్వని ఆ గేమ్ స్టూడియో ఓనర్ మీద నీకు కోపం రావడం న్యాయమే. అయినా "జనాన్ని ముంచడానికి సిగ్గనిపించలేదా?" అన్న మొదటి ప్రశ్న మాత్రం కొట్టేయి.

2015 ఫిబ్రవరిలో ఇలాంటిదే ఒకటి జరిగింది. పీటర్ మోలినూ ఇంగ్లండ్‌లో పెద్ద పేరున్న గేమ్ డిజైనర్. గోడస్ అనే గేమ్ కోసం 2012లో కిక్‌స్టార్టర్ అనే చందాల సైట్‌లో జనం దగ్గర 5 లక్షల పౌండ్లకు పైగా పోగుచేశాడు. రెండేళ్లు దాటినా గేమ్ పూర్తి కాలేదు. రాక్ పేపర్ షాట్‌గన్ అనే గేమ్‌ల వెబ్‌సైట్ తరఫున జాన్ వాకర్ ఆయన్ను ఇంటర్వ్యూ చేస్తూ, అబద్ధాలాడటం మీకు జబ్బులా పట్టుకుందనుకుంటున్నారా అన్న అర్థం వచ్చేలా మొదలుపెట్టాడు. ఆ తర్వాత అడిగినవన్నీ గట్టి ప్రశ్నలే: డబ్బు ఏమైంది, గడువు ఎందుకు తప్పింది, ఇచ్చిన మాటల సంగతేంటి. కానీ జనానికి గుర్తుండిపోయింది ఆ మొదటి ప్రశ్నే. డబ్బు కట్టినవాళ్ల గోడు పక్కకు పోయి, అలా అడగొచ్చా లేదా అన్నదే పెద్ద పంచాయితీ అయింది.

మనిషి గుణం మీద ప్రశ్న వేస్తే "కాదు" అనడం తప్ప అవతలివాడు చెప్పేదేముంటుంది?

నేను పత్రికకు వరంగల్ ఎనుమాముల మార్కెట్ వార్తలు రాసే రోజుల్లో మిర్చి సీజన్ వస్తే ఇదే గొడవ. పొద్దున వేలంలో జెండా పాట ఒక ధర పలికేది, చాలామంది రైతులకు దక్కేది అంతకంటే తక్కువ. ఖరీదుదారును పట్టుకొని "రైతులను దోచుకుంటున్నారా?" అంటే నవ్వి చాయ్ తెప్పించేవాడు. అదే రైతుకిచ్చిన తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, ముందు పెట్టి "పొద్దున పాటకూ దీనికీ ఇంత తేడా ఎందుకు?" అని నెమ్మదిగా అడిగితే గ్లాసు కింద పెట్టేవాడు. తేమ అనేవాడు, తాలు అనేవాడు. ఆ తేమ ఎవరు కొలిచారన్నది నా తర్వాతి ప్రశ్న. వార్త అక్కడ దొరికేది.

నీకూ తక్‌పట్టీలున్నాయి. ప్రీ-ఆర్డర్ పేజీ స్క్రీన్‌షాట్లు, తేదీలు, రీఫండ్ అడిగినవాళ్లకు వచ్చిన జవాబులు. అవి పక్కన పెట్టుకొని అడుగు: "గడువు తప్పుతుందని మీకు ఎప్పుడు తెలిసింది? కట్టినవాళ్లకు ఎప్పుడు చెప్పారు?" ఆ రెండు తేదీల మధ్య ఉన్న తేడాయే నీ కథ. అడిగాక ఊరుకో. ఆయన తడబడితే నువ్వు మాట అందించకు, ఎడిటింగులో ఆ మౌనాన్ని సాగదీయకు కూడా.

కొత్త గేమ్ గురించి మాట్లాడదామని పిలిచి రీఫండ్ల మీద నిలదీస్తానంటే నేనొప్పుకోను. ప్రశ్నలు ముందే పంపనక్కర్లేదు, విషయం మాత్రం చెప్పాలి. ఇంకో మాట. నలుగురైదుగురితో నడిచే స్టూడియో ఓనర్ నీకు ఫోన్లో దొరుకుతాడు, పెద్ద కంపెనీ అయితే పీఆర్ మనిషి తప్ప ఎవరూ దొరకరు. అందుకే మన గట్టితనమంతా దొరికినవాడి మీదికే పోతుంది. పెద్దవాళ్ల ముందు కూడా ఇదే గొంతుంటుందా నీకు?

ఇక నీ సంగతి. కిందటి వీడియోలో పెట్టుకున్న హెడ్‌సెట్ ఎవరిచ్చారు? గేమ్‌స్పాట్ అనే గేమ్ రివ్యూల సైట్‌లో పనిచేసే జెఫ్ గెర్స్ట్‌మన్ 2007లో కేన్ అండ్ లించ్ గేమ్‌కు రివ్యూలో పదికి ఆరు ఇచ్చాడు. అదే సైట్ నిండా ఆ గేమ్ ప్రకటనలే. కొద్ది రోజులకే ఉద్యోగం పోయింది. ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చిందో 2012లో గానీ ఆయన బాహాటంగా చెప్పలేకపోయాడు. నీకు పైన యజమాని లేడు, స్పాన్సర్ ఉన్నాడు. ఫ్రీగా వచ్చిన వస్తువు, ఫ్రీగా వచ్చిన గేమ్ కోడ్ ఏదైనా వీడియో మొదట్లోనే నోటితో చెప్పు, కింద డిస్క్రిప్షన్‌లో దాచకు. ప్రకటన అయితే ఆ ముక్క కనపడేలా వేయాలని ప్రకటనల మండలి యాస్కీ 2021లోనే ఇన్‌ఫ్లుయెన్సర్లకు నియమాలు పెట్టింది. బెట్టింగ్ యాప్‌ల డబ్బు జోలికి మాత్రం అస్సలు పోకు, మీ నాన్నకు నేను జవాబు చెప్పుకోలేను.

థంబ్‌నెయిల్‌లో ఆయన మొహం మీద ఎర్ర బాణం వద్దు. నీ సబ్‌స్క్రైబర్ల తిట్లు పోయేది ఆ స్టూడియోలో కోడింగ్ చేసే పిల్లల ఫోన్లకు. వాళ్లలో ఎవరైనా జీతం రాలేదని నీకు చెప్పి ఉంటే, ఆ పేరు నాకు కూడా చెప్పకు.

ప్రశ్నలు తిరగరాసి శనివారంలోపు పంపు, చూస్తాను.

నీ పెద్దబాపు