పెదవి లోపల నీటిబుడగ: రిపోర్టులో గ్రంథి పాడైందని రాస్తే క్యాన్సరేనా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు, ఇంజినీరింగ్ చదువుతున్నాడు. కింది పెదవి లోపల నీలంగా మెత్తటి బుడగ వచ్చింది. పిన్నుతో గుచ్చుకుంటే తగ్గి, వారానికే మళ్లీ వచ్చింది. పోయిన నెల ఆపరేషన్ చేసి తీశారు. బయాప్సీ రిపోర్టులో మ్యూకోసీల్ అని, పక్కనున్న లాలాజల గ్రంథుల్లో అట్రఫీ, డక్ట్ డైలటేషన్, క్రానిక్ ఇన్‌ఫ్లమేషన్, ఫైబ్రోసిస్ అని రాశారు. నెట్‌లో చూస్తే భయమేస్తోంది. ఇది క్యాన్సర్‌కి మొదలా? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు ఆ నెట్ మూసేయండమ్మా. మీరు రాసిన నాలుగు మాటల్లో ఒక్కటి కూడా క్యాన్సర్ మాట కాదు.

నాలుకతో మీ కింది పెదవి లోపల తడిమి చూడండి, చిన్నచిన్న గింజల్లా తగులుతాయి, అవే ఈ గ్రంథులు. నోరంతా కలిపి 600 నుంచి 1000 దాకా ఉంటాయి. ఒక్కోదానికి వెంట్రుకంత సన్నటి గొట్టం, అదే డక్ట్. పెదవి కొరుక్కున్నప్పుడో దెబ్బ తగిలినప్పుడో ఆ గొట్టం తెగితే గ్రంథి తయారుచేసే జిగురు లాలాజలం బయటికి రాకుండా లోపలి కండలోకి కారిపోతుంది. శరీరానికి అది అక్కడ ఉండకూడని సరుకు, అందుకని దాన్ని తినేసే కణాలు వచ్చి చేరతాయి, చుట్టూ కొత్త కండ పెరిగి గోడలా కట్టేస్తుంది. ఆ బుడగనే మ్యూకోసీల్ అంటాం. ఎక్కువ మందిలో, ముఖ్యంగా ఈ వయసు పిల్లల్లో, దానికి సొంత పొర ఉండదు. పిన్ను గుచ్చితే జిగురు పోతుందే గానీ కారే గ్రంథి కారుతూనే ఉంటుంది.

ఇక గ్రంథి సంగతి. గొట్టం తెగి దారి మూసుకుపోయాక జిగురు వెనక్కి తన్ని గొట్టాలు ఉబ్బుతాయి, అదే డైలటేషన్. ఆ ఒత్తిడికి జిగురు తయారుచేసే కణాలు చిక్కిపోతాయి, అది అట్రఫీ. వాపు కణాలు చేరడం ఇన్‌ఫ్లమేషన్, చివరికి ఆ చోట మచ్చలా గట్టిపడటం ఫైబ్రోసిస్. పిన్ను పోట్లు కూడా ఆ మచ్చకి తలా కాస్త సాయం చేసుంటాయి లెండి. అంటే ఇవన్నీ దారి మూసుకున్నందుకు వచ్చినవే.

నిజం చెప్పాలంటే రిపోర్టులో గ్రంథి కనిపించడం నాకు సంతోషమే. బుడగ ఒక్కటే గీకేసి గ్రంథిని వదిలేస్తే మళ్లీ వస్తుంది, అందుకే కుట్లు వేసేముందు గాయంలో సగ్గుబియ్యంలా పైకి తేలే గ్రంథుల్ని కూడా తీసేస్తాం. మీవాడికి ఆ పని జరిగినట్టే ఉంది. అయినా అసలు రాదని మాటివ్వలేను, పక్క గ్రంథికి దెబ్బ తగిలితే కొత్తది రావచ్చు. పరీక్షలప్పుడు పెదవి కొరికే అలవాటుందేమో అడగండి, పన్ను మొన తేలి గుచ్చుకుంటుంటే డెంటిస్టుతో నునుపు చేయించండి.

తీసిన ముక్కని ల్యాబ్‌కి పంపేది ఎందుకంటే మ్యూకోఎపిడెర్మాయిడ్ అనే గ్రంథి క్యాన్సర్ అరుదుగా ఇలాగే నీలం బుడగలా కనిపిస్తుంది. పై పెదవిలో గానీ అంగిట్లో గానీ గడ్డ వస్తే మేం ఇంకాస్త అనుమానంగా చూస్తాం, మ్యూకోసీల్ ఎక్కువగా కింది పెదవికే వస్తుంది కాబట్టి. మీ రిపోర్టులో మ్యూకోసీల్ అనే తేల్చారు, మీరు రాసినదాంట్లో క్యాన్సర్ ఊసే లేదు.

ఆపరేషన్ చోట కొన్నాళ్లు మొద్దుబారినట్టు ఉండొచ్చు, మెల్లగా సర్దుకుంటుంది. అదే చోట గట్టి గడ్డ పెరిగినా, పుండై రెండు వారాల్లో మానకపోయినా రిపోర్టు పట్టుకుని సర్జన్ దగ్గరికే వెళ్లండి. మళ్లీ పిన్ను మాత్రం వద్దు.