బ్లాక్‌హోల్ గురించి చెప్పాలంటే ముందు పిల్లలకోడిని చూపించండి

"మా అమ్మకీ, తొమ్మిదో తరగతి చదువుతున్న మా పాపకీ బ్లాక్‌హోల్ అంటే ఏంటి, కాలం అంటే ఏంటి, విశ్వం ఎలా పుట్టింది అనేవి అర్థమయ్యేలా చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని ఒకరు అడిగారు. వారికి నా జవాబు ఇది.

నేను ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరి హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పన్నెండేళ్ళుగా చలికాలంలో నెలకోసారి, అమావాస్య దగ్గర్లో, బడి డాబా మీద పిల్లలకీ వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ ఆకాశం చూపిస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: బ్లాక్‌హోల్‌తో మొదలుపెట్టకండి, వెలుగుతో మొదలుపెట్టండి. వెలుగు రావడానికి కూడా టైమ్ పడుతుందన్న ఒక్క సంగతి మనసుకి పడితే చాలు, మిగతావి దాని వెంటే వస్తాయి.

డాబా మీద నేను ముందు చూపించేది పిల్లలకోడి అనే చుక్కల గుంపుని. కృత్తికలు అంటే కొందరికి తెలియదు గానీ, పిల్లలకోడి అనగానే పొలం పనులు చేసే పెద్దవాళ్ళు నాకంటే ముందే వేలు పెట్టి చూపిస్తారు. "ఇప్పుడు మీ కంట్లో పడుతున్న వెలుగు అక్కడ బయల్దేరి సుమారు 440 ఏళ్ళయింది, అప్పటికింకా చార్మినార్ లేదు" అంటాను. ఒక్క నిమిషం అందరూ మాట్లాడడం మానేసి పైకి చూస్తారు. తర్వాత సిరియస్ అనే చుక్క. అది 8.6 కాంతి సంవత్సరాల దూరం, అంటే అక్కడి వెలుగు మన దాకా రావడానికి 8.6 ఏళ్ళు పడుతుంది. పదో తరగతి పిల్ల చూస్తున్నది, తాను ఒకటో రెండో చదువుతున్నప్పుడు బయల్దేరిన వెలుగు. సూర్యుడి వెలుగుకైతే 8 నిమిషాల 20 సెకన్లు. ఒకసారి ఒకమ్మాయి ఇదంతా నోట్‌బుక్‌లో రాసుకుని, "అయితే సార్, పైన కనిపించే చుక్కలన్నీ ఒకే రోజువి కావన్నమాట" అంది. అప్పటినుంచి ఆ మాట ప్రతి ఏడూ చెబుతున్నాను.

ఇక కాలం. అది అన్నిచోట్లా ఒకే వేగంతో నడవదంటే ఎవరూ నమ్మరు. రాకెట్లో వెళ్ళొచ్చి, ఇక్కడే ఉన్న అన్నకంటే చిన్నవాడిగా మిగిలిన కవల తమ్ముడి కథ చెబితే సినిమా అనుకుంటారు. అందుకే ఫోన్లో మ్యాప్ తెరిపించండి. మనం ఎక్కడున్నామో చెప్పే జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. అంత పైన భూమి ఆకర్షణ తక్కువ కాబట్టి వాటిలోని గడియారాలు రోజుకి 45 మైక్రోసెకన్లు (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలో వంతు) ముందుకు పోతాయి, వేగంగా తిరుగుతున్నందువల్ల 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి. మొత్తమ్మీద రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుంటాయి. దాన్ని సరిచేయకుండా వదిలేస్తే ఒక్క రోజులోనే మ్యాప్ పది కిలోమీటర్ల దాకా తప్పు చూపిస్తుంది. 2010లో అమెరికాలో ఇంకా సున్నితమైన గడియారాలతో, ఒకదాన్ని 33 సెంటీమీటర్లు పైకి లేపి కొలిచారు. అంటే రెండు మెట్ల ఎత్తు. ఆ కాస్త ఎత్తుకే పైది ముందుకు పోయింది.

ఇది విని ఒక పెద్దావిడ, "రేవతీదేవిని తీసుకుని వాళ్ళ నాన్న బ్రహ్మలోకం వెళ్ళొచ్చేసరికి ఇక్కడ యుగాలు గడిచిపోయాయంటారే, అట్టాంటిదేనా నాయనా?" అని అడిగింది. నేను కొట్టిపారేయలేదు. "అది కథ అమ్మా, ఇది గడియారం పెట్టి కొలిచింది. కానీ ఆ కథ వినున్నారు కాబట్టి మీకు ఊహించడం తేలిక" అన్నాను. మీ అమ్మగారితో కూడా ఇలాగే ఉండండి. ఇదంతా మనవాళ్ళకి ముందే తెలుసని చెప్పొద్దు, ఆవిణ్ణి చిన్నబుచ్చనూ వద్దు.

దుప్పటిని నాలుగు మూలలా పట్టుకుని మధ్యలో ఇనప గుండు వేసి చూపించే ప్రయోగం మాత్రం నేను మానేశాను. "సార్, గుండుని కిందికి లాగుతోంది భూమే కదా? ఆకర్షణ గురించి చెప్పడానికి ఆకర్షణనే వాడుకుంటున్నాం" అని ఒక అబ్బాయి పట్టుకున్నాడు. వాడన్నది నిజం. దానికంటే, బరువైన వాటి దగ్గర కాలం నెమ్మదిస్తుంది, చేతిలోంచి వదిలిన రాయి కాలం నెమ్మదిగా నడిచే వైపుకి పడుతుంది అని చెప్పడం మేలు. ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి అదే దగ్గర.

ఇప్పుడు బ్లాక్‌హోల్ చెప్పండి. భూమిని వదిలి ఏదైనా తిరిగి పడకుండా పోవాలంటే సెకనుకి 11.2 కిలోమీటర్ల వేగం కావాలి. అదే భూమిని, పిసరంత కూడా బరువు తగ్గకుండా, ఒక గోళీ అంత చేశామనుకోండి. అప్పుడు సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు పోయే వెలుగు కూడా బయటపడలేదు. అదే బ్లాక్‌హోల్. సూర్యుణ్ణయితే 3 కిలోమీటర్ల వ్యాసార్థానికి, మా ఊరూ పొలాలూ కలిపినంతకి కుదించాలి. సూర్యుడు ఎప్పటికీ అలా అవడు, అంత బరువు లేదు. బాగా పెద్ద నక్షత్రాలు ఇంధనం అయిపోయి తమ బరువుకి తామే కుప్పకూలితే అవుతాయి. చల్లారిన నక్షత్రం ఎంత బరువు దాకా నిలబడగలదన్న లెక్కని మన భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1930లో ఇంగ్లండ్ వెళ్ళే ఓడలో మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 19. ఈ సంగతి పిల్లలకి తప్పకుండా చెప్పండి.

బ్లాక్‌హోల్ అన్నిటినీ మింగేస్తుందని పిల్లలకి టెన్షన్ ఉంటుంది. సూర్యుడి స్థానంలో అంతే బరువున్న బ్లాక్‌హోల్ పెట్టినా భూమి ఇప్పటిలాగే దాని చుట్టూ తిరుగుతుంది. చీకటీ చలీ తప్ప లాక్కోవడం ఉండదు. మన పాలపుంత మధ్యలో 40 లక్షల సూర్యుల బరువున్నది ఒకటుంది, ధనుస్సు రాశి వైపు. దాని ఫొటో 2022 మేలో విడుదలైంది. అంతకుముందు 2019లో వచ్చినది ఐదున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఇంకొకటి.

విశ్వం పుట్టుకకి ఒక మీటరు ఎలాస్టిక్, పది చొక్కా గుండీలు కావాలి. రెండేసి సెంటీమీటర్లకి ఒక గుండీ కుట్టండి. రెండు చివరలా పట్టుకుని రెట్టింపు సాగదీయమనండి. ఒక గుండీ దగ్గర నుంచి కొలిస్తే దాని పక్క గుండీ 2 నుంచి 4 సెంటీమీటర్లకి పోతుంది, దాని తర్వాత నాలుగో గుండీ అంతే సేపట్లో 8 నుంచి 16కి పోతుంది. దూరంగా ఉన్నది ఎక్కువ వేగంగా దూరమైంది. ఏ గుండీ దగ్గర నుంచి కొలిచినా ఇంతే, కాబట్టి మధ్య అంటూ ఎక్కడా లేదు. హబుల్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1929లో గెలాక్సీల్లో, అంటే మన పాలపుంత లాంటి నక్షత్రాల గుంపుల్లో గమనించింది ఇదే. గుండీ సాగదు, మధ్యలో జాగా సాగుతుంది. గెలాక్సీలు కూడా అంతే. ఎలాస్టిక్ వదిలేయమనండి, గుండీలన్నీ దగ్గరకొస్తాయి. అలా లెక్కలో వెనక్కి పోతే 1380 కోట్ల ఏళ్ళ కిందట అంతా ఇరుకుగా, విపరీతమైన వేడిగా ఉంది. అక్కడినుంచి విశ్వం వ్యాపించడం మొదలవడాన్నే బిగ్ బ్యాంగ్ అంటారు. అది ఖాళీలో బాంబు పేలడం కాదు.

మరి రుజువేదీ అంటే, పెద్దవాళ్ళకి పాత టీవీ గుర్తుచేయండి. దూరదర్శన్ సిగ్నల్ లేనప్పుడు తెర నిండా తెల్లచుక్కలు వచ్చేవి. అందులో దాదాపు నూటికొక వంతు విశ్వం తొలినాళ్ళ వెలుగే. మొదట 3 లక్షల 80 వేల ఏళ్ళు వేడి పొగమంచులో చిక్కుకుని, అది విడిపోగానే బయల్దేరి, చల్లారిపోయి, కంటికి కనిపించని మైక్రోవేవ్‌లుగా ఇప్పటికీ మనకి చేరుతోంది. 1964లో అమెరికాలోని న్యూజెర్సీలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తమ యాంటెన్నాలో ఆగని ఈ రొద విని, పావురాల రెట్ట వల్లేమోనని అంతా శుభ్రం చేశారు. అయినా పోలేదు. డాబా ఎక్కి యాంటెన్నా తిప్పిన తరానికి ఇది వెంటనే తలకెక్కుతుంది. మొన్న జనవరిలో ఒకాయన, "పిల్లలకోడిది 440 ఏళ్ళు అన్నావు. మా టీవీలో వచ్చింది దానికంటే పాతదన్నమాట" అన్నాడు.

బిగ్ బ్యాంగ్‌కి ముందేముంది అని పాప అడుగుతుంది. సైన్స్ ఇంకా తేల్చలేదని చెప్పేయండి. ఎలాస్టిక్ మాత్రం అంగుళం వెడల్పుది కొనండి, సన్నదానికి గుండీలు నిలవవు. సాగదీసే పని పాపకివ్వండి, కొలిచే స్కేలు మీ అమ్మగారికివ్వండి.