గ్రెప్‌కి దొరకని ఫంక్షన్, అమీర్‌పేట్ కోర్సు

కూకట్‌పల్లి హాస్టల్‌లో ఉంటూ బీటెక్ థర్డ్ ఇయర్ చదివే ఒకబ్బాయి అడిగాడు: "సార్, ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నల్ కోడ్ చదువుతున్నా. సిస్‌ఇనిట్ అనే మాక్రోలో ఫంక్షన్ పేరు ఇస్తున్నారు, దాన్ని ఎవరు కాల్ చేస్తున్నారో గ్రెప్ కమాండ్‌తో ఫైళ్లన్నీ ఎంత వెతికినా దొరకట్లేదు. అసెంబ్లీ మాక్రోలైతే అసలు ఎక్కట్లేదు. డాడీ ఇదంతా ఆపేసి అమీర్‌పేట్‌లో జావా ఫుల్‌స్టాక్‌లో చేరమంటున్నారు."

ముందు నీ డౌట్ సంగతి చూద్దాం, మిగతాది దాన్ని బట్టే ఉంటుంది.

దొరకదమ్మా, ఎందుకంటే ఆ పేరుతో కాల్ సీ కోడ్‌లో ఎక్కడా రాయలేదు. మాక్రో అంటే కంపైల్‌కి ముందే అసలు కోడ్‌గా విచ్చుకునే షార్ట్‌కట్. ఆ మాక్రో నీ ఫంక్షన్ అడ్రస్, అది ఏ దశలో నడవాలో చెప్పే నంబర్లు ఒక చిన్న స్ట్రక్చర్‌లో పెట్టి, దాని పాయింటర్‌ని కంపైలైన ఫైల్‌లో సెక్షన్ అనే ఒక ప్రత్యేక భాగంలో వేస్తుంది, అంతే. ఎన్నో ఫైళ్లు ఇలాగే అదే సెక్షన్‌లో వేస్తాయి, కంపైలైన ఫైళ్లని కలిపే లింకర్ అన్నిటినీ ఒకచోట చేర్చి మొదలెక్కడో చివరెక్కడో చెప్పే స్టార్ట్, స్టాప్ సింబల్స్ తనే ఇస్తుంది, బూట్ టైంలో ఎంఐ_స్టార్టప్ అనే ఫంక్షన్ ఆ లిస్టుని వరసలో పెట్టుకుని ఒక్కోదాన్నీ పాయింటర్ ద్వారా పిలుస్తుంది. దీన్నే లింకర్ సెట్ అంటారు. కొత్త డ్రైవర్ ఫైల్ కలిపితే చాలు, ఎక్కడో ఉన్న పెద్ద లిస్టుని ముట్టుకునే పనుండదు. లైనక్స్‌లో బూట్ టైంలో నడిచే ఇనిట్‌కాల్స్ కూడా దాదాపు ఇదే పద్ధతి.

అసెంబ్లీ మాక్రోలకి భయపడకు, వాటిలో కొన్నిటిలో ఇలాంటి పనే జరుగుతుంది. లైనక్స్‌లో యూజర్ మెమరీని కాపీ చేసే ఇన్‌స్ట్రక్షన్ ఉందనుకో, అది ఫాల్ట్ అయితే, అంటే ఆ మెమరీ అందకపోతే, కెర్నల్ పడిపోకూడదు కదా, అందుకే దాని పక్కనే ఒక మాక్రో పుష్‌సెక్షన్‌తో వేరే సెక్షన్‌లోకెళ్లి "ఈ చోట ఫాల్ట్ వస్తే అక్కడికి వెళ్లు" అని ఒక ఎంట్రీ రాసి పాప్‌సెక్షన్‌తో వెనక్కొస్తుంది. ఫాల్ట్ హ్యాండ్లర్ ఆ టేబుల్‌లో వెతుక్కుంటుంది. నాకైతే కెర్నల్ మొత్తంలో ఇంత అందమైన ఏర్పాటు తక్కువే కనిపించింది.

ఇది చదివితే రాదు, చేస్తేనే వస్తుంది. రెండు సీ ఫైళ్లు రాసి సెక్షన్ ఆట్రిబ్యూట్‌తో నీదే ఒక సెట్ కట్టు, యూజ్డ్ ఆట్రిబ్యూట్ కూడా పెట్టు, లేకపోతే ఎవరూ వాడని స్టాటిక్ వేరియబుల్ అనుకుని కంపైలర్ తీసేయొచ్చు. మాక్రో విప్పి చూడ్డానికి జీసీసీ కంపైలర్‌కి మైనస్ ఈ (-E) ఇవ్వు, తర్వాత కంపైలైన ఫైల్ లోపల ఏముందో చూపే ఎన్ఎమ్, ఆబ్జ్‌డంప్ కొట్టి చూడు.

ఇక డాడీ మాట. ఆయన భయం న్యాయమైందే, ఫ్రెషర్‌కి వెబ్ వైపు ఓపెనింగ్స్ ఎక్కువ. కానీ క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ కంపెనీలు మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి, డ్రైవర్లు, ఫర్మ్‌వేర్ రాసే పనుల్లో లింకర్ స్క్రిప్ట్ (ఏ సెక్షన్ ఎక్కడుండాలో లింకర్‌కి చెప్పే ఫైల్) చదవగలిగినవాడికి విలువుంటుంది. డేటా స్ట్రక్చర్స్ మాత్రం వదలొద్దు, క్యాంపస్ టెస్టులో ముందు అడిగేది అవే. జావా కోర్సు ఫైనల్ ఇయర్‌లో అయినా చేరొచ్చు, ఈ ఏడాది క్యూఈఎంయూలో (కంప్యూటర్‌ని సాఫ్ట్‌వేర్‌లోనే అనుకరించే ప్రోగ్రామ్) నడిచే చిన్న డ్రైవర్ ఒకటి పూర్తి చెయ్యి. డాడీ ఒప్పుకోకపోతే ఆదివారం ఆయన్ని కూడా తీసుకుని రా, కూర్చుని మాట్లాడదాం.