నౌన్ నుంచి అడ్జెక్టివ్: చివరి అక్షరాలనే నమ్ముకోకండి

ఇంగ్లీషులో నౌన్‌ని అడ్జెక్టివ్‌గా మార్చడానికి రూల్ ఏమైనా ఉందా, వాక్యంలో దాన్ని ఎలా గుర్తుపట్టాలి అని అడిగారు. అన్ని మాటలకూ పనికొచ్చే రూల్ లేదండీ. డేంజర్‌కి డేంజరస్, హెల్త్‌కి హెల్దీ, నేషన్‌కి నేషనల్. ఏ మాటకి ఏ ప్రత్యయమో (అంటే చివర చేరే అక్షరాలు) ఆ మాటతో పాటే నేర్చుకోవాలి. అయితే చాలా ప్రత్యయాలకు తమదైన అర్థం ఉంటుంది. ఫుల్, లెస్ మన 'గల', 'లేని' లాంటివి: హోప్‌ఫుల్ అంటే ఆశ ఉన్న, హోప్‌లెస్ అంటే ఆశ లేని. అలాగని అన్నీ జతలుగా దొరకవు. హోమ్‌లెస్ ఉంది, హోమ్‌ఫుల్ అని ఎవరూ అనరు.

ఈ అర్థాల తేడా నాకు ఒకరిని నొప్పించాకే తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్ మేడమ్ రిటైరవుతుంటే కార్డు మీద 'యువర్ చైల్డిష్ స్మైల్' అని రాశాను. పసిపాపలా నవ్వుతారని చెప్పాలని నా ఉద్దేశం. ఆవిడ చదివి, ఏమీ అనకుండా కార్డు మడిచి బ్యాగులో పెట్టుకున్నారు. పెద్దవాళ్లను చైల్డిష్ అంటే పిల్లచేష్టలు అని ఎత్తిపొడిచినట్టని, అక్కడ చైల్డ్‌లైక్ అని రాయాలని పక్క సీటతను చెప్పాడు. పరుగున వెళ్లి క్షమాపణ అడిగాను. అప్పటి నుంచి డిక్షనరీలో కొత్త మాట చూస్తే, కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యం చదవకుండా వదలను.

ఇక గుర్తుపట్టడం. ఎక్కువమంది తడబడేది 'లీ' దగ్గరే. అడ్జెక్టివ్‌కి లీ చేరితే సాధారణంగా అడ్వర్బ్ అవుతుంది: స్లో, స్లోలీ. నౌన్‌కి చేరితే మాత్రం చాలావరకు అడ్జెక్టివే: ఫ్రెండ్లీ, కాస్ట్లీ, కౌవర్డ్‌లీ (పిరికి). అందుకే 'హి స్పోక్ ఫ్రెండ్లీ' తప్పు, 'హి స్పోక్ ఇన్ ఎ ఫ్రెండ్లీ వే' అనాలి.

ఇంకో చిక్కు, నౌన్ ముందు ఉన్న ప్రతి మాటా అడ్జెక్టివ్ కాదు. 'స్టోన్ వాల్'లో స్టోన్ నౌనే, మన 'రాతి గోడ'లో రాయి లాగా. ఆ మాటకి ముందు 'వెరీ' పెట్టి చూడండి, అతికితే అడ్జెక్టివ్. 'వెరీ స్టోనీ రోడ్' అనొచ్చు, 'వెరీ స్టోన్ వాల్' అనలేం. ఈ పరీక్ష కొన్నిచోట్ల పనిచేయదు. వుడెన్, నేషనల్ లాంటి వాటికి వెరీ అతకదు, అయినా అవి అడ్జెక్టివ్‌లే. అక్కడ వుడ్ కాస్తా వుడెన్‌గా, నేషన్ కాస్తా నేషనల్‌గా మారింది కదా, ఆ మార్పే మీకు ఆనవాలు.