చిట్టీ, కౌజుల్ని కూడా రాయి

చిట్టీ,

ఏడాదిపాటు కడప జిల్లా అంతా తిరిగి పిట్టల లెక్క రాస్తావంట, మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం రక్తపింజర భయం.

పొద్దున్నే బయల్దేరు, నీళ్లు మర్చిపోవద్దు. ఇవి నీకు తెలిసినవే. చీకటి పడ్డాక మాత్రం కంపల్లోకి ఒక్కదానివే పోవద్దు. గొర్లకాపరిని ఎవరినైనా వెంటబెట్టుకో, ఆయన చెప్పే పేర్లు ఆయన మాటల్లోనే రాసుకో. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు దొర లోకానికి చెప్పిన కలివికోడి అనే పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో మన లంకమల కొండల దగ్గర దాన్ని మళ్లీ బయటపెట్టింది పిట్టలు పట్టే ఐతన్న.

ఇప్పుడు నా తప్పు చెప్తా విను. బద్వేలు దారిలో మా చెరువుకట్ట వెనక ఒక కంపబీడు ఉండేది. ఎనిమిదేండ్లు ప్రతి ఆదివారం తిరిగినాను. కౌజులు, తీతువులు, పాలపిట్టలు రోజూ ఉండేవే కదా అని రాయలేదు. నక్కో గుడ్లగూబో కనబడితేనే రాసేవాణ్ణి. ఏమీ కనబడని రోజు పుస్తకం సంచిలోంచి తీయనే లేదు. ఆ బీడు చదును చేసి నిమ్మతోట పెడతారని తెలిసి, పుస్తకం చంకన పెట్టుకొని ఒక ఆఫీసుకు పరిగెత్తినాను. అక్కడాయన మర్యాదగానే పేజీలు తిప్పినాడు. "సార్, ఎనిమిదేండ్లకు పదకొండు పేజీలే ఉన్నాయి. అంటే అక్కడ పెద్దగా ఏమీ లేనట్టే కదా" అన్నాడు. నా నోట మాట రాలేదు. కౌజులు గుంపులుగా తిరిగే నేలను ఖాళీ అని రాసిచ్చింది నా చెయ్యే. జేసీబీ వచ్చిన రోజు రెండు తీతువులు దాని ముందు ముందే ఎగురుతూ అరిచినాయి. వాటి గుడ్లు నేలమీదే కదా ఉండేది. ఆ రోజు రాసినాను. ఆ బీడు గురించి అదే ఆఖరి పేజీ.

అందుకే తేదీ, నడక మొదలుపెట్టిన టైము, ముగించిన టైము, ఎంత దూరం నడిచినావో అన్నీ రాయి. సున్నా వస్తే సున్నా అని రాయి. ఫోన్లో పిట్టల లెక్క ఎక్కించే ఈబర్డ్ యాప్ కూడా, గుర్తుపట్టిన పిట్టలన్నీ రాసినావా అని అడుగుతుంది. అవునని చెప్పాలంటే పికిలిపిట్టను కూడా లెక్కపెట్టాలి. మళ్లీ ఏడాది అదే నెలలో అదే దారిన నడువు.

పోయినసారి ఫొటో కోసం గూడు మీదికి పోతివి. నేను కోప్పడితే అలిగి అన్నం తినలేదు. మళ్లీ కోప్పడతా. తల్లి లేచిపోతే మన ఎండకు గుడ్డు నిలవదమ్మా. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ గూడు ఎక్కడుందో ఎవరికీ పంపొద్దు. వలలు వేసేవాళ్లకూ ఫోన్లు ఉన్నాయి.

లంకమల వైపు పోయే రోజు ముందే చెప్పు. మోకాళ్లు కొండ ఎక్కనివ్వవు గానీ, నేను కట్టమీద కూచొని టైము రాసిపెడతా.

మీ పెదనాయన