క్లౌన్‌ఫిష్ ఉన్న తొట్టిలోకి పైప్‌ఫిష్‌ను తెచ్చుకోవచ్చా?

మీ ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఎనిమిది నెలలుగా నిలకడగా నడుస్తోందని, అందులో ఒక జత క్లౌన్‌ఫిష్ ఉన్నాయని, ఈమధ్య హైదరాబాదులోని ఒక దుకాణంలో నీలిచార పైప్‌ఫిష్ జతను చూసి మనసు పడ్డారని రాశారు. వాటిని తెచ్చుకోవద్దన్నదే నా సమాధానం. దానికి కారణాలు రెండు: ఒకటి చట్టం, రెండోది ఆ చేప నోరు. మొదటిదాన్ని క్లుప్తంగా చెప్పి రెండోదాన్ని కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే అది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి.

పైప్‌ఫిష్ సముద్రపు గుర్రానికి దాయాది. రెండూ సింగ్నాతిడే కుటుంబానివే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, పులి పేరున్న మొదటి షెడ్యూలులోకే, 2001లో ఈ కుటుంబాన్నంతటినీ చేర్చారు. 2022 సవరణతో షెడ్యూళ్ల సంఖ్య, అమరిక మారాయి కనుక ఇప్పటి నిబంధన ఏమిటన్నది అటవీశాఖను రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవలసిందే తప్ప, "ఇది ఫారిన్ మాల్ సార్, ఏం కాదు" అనే దుకాణదారు మాటను నమ్ముకోవడానికి వీల్లేదు. అంత ధీమా ఉన్నవారిని అదే మాట బిల్లు మీద రాసి ఇమ్మని అడిగి చూడండి.

నేను పైప్‌ఫిష్‌ను పెంచింది ఇక్కడ కాదు. ఉద్యోగరీత్యా 2013 నుంచి కొన్నేళ్లు సింగపూర్‌లో ఉన్నప్పుడు, అక్కడి దుకాణాల్లో అవి బహిరంగంగానే అమ్మకానికి ఉండేవి. మొదట కొన్నది ఒంటినిండా పట్టీలున్న రకం. దాదాపు జానెడు పొడవు, వెదురుపుల్లకు రంగులు వేసినట్టుండేది. నీటి పరీక్షల్లో చేపలకు విషమయ్యే అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తున్నాయి కదా అన్న ధైర్యంతో ఇంటికి తెచ్చి, గడ్డకట్టిన మైసిస్ రొయ్యలను కరిగించి వేశాను. ప్రతి తునకనూ అది దగ్గరికి వెళ్లి, ఒక్కొక్క కన్నును విడివిడిగా తిప్పి పరిశీలించి, ముట్టకుండా వదిలేసేది. పదిరోజులకు పొట్ట లోపలికి పీక్కుపోయింది. పదిహేడో రోజున చనిపోయింది. నీటిలో ఏ దోషమూ లేదు. అది ఆకలితో చనిపోయింది.

ఆ తరువాతే ఆ చేప శరీరం గురించి చదువుకున్నాను. దానికి పళ్లు లేవు. దవడలు కలిసిపోయి గొట్టంలా మారినందువల్ల, ఎరను మూతి చివరికి వచ్చేదాకా గురిచూసి, రెప్పపాటులో నీటితో సహా పీల్చి మింగడం ఒక్కటే దానికి తెలుసు. మృగశిర కార్తెనాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కొర్రమీను పిల్లను నమలకుండా మింగే మన ఊరివాళ్లకు ఇది వింతగా తోచకపోవచ్చు గానీ, మనకా పని ఏడాదికొకసారే. అంతకంటే ముఖ్యమైన సంగతి, దానికి జీర్ణాశయం లేదు. తిన్నది నిలవ ఉండే చోటు లేక నేరుగా పేగులోకి పోతుంది కాబట్టి, సముద్రంలో అది పగలంతా రొయ్యజాతికి చెందిన చిన్న చిన్న జీవులను (క్రస్టేషియన్లను) ఏరుకుంటూనే ఉంటుంది. రోజుకొకసారి చిటికెడు మేత వేసి ఆఫీసుకు వెళ్లిపోయే మన అలవాటు దానికి సరిపడదు.

రెండోసారి చేపకంటే ముందు మేతను సిద్ధం చేశాను. అడుగు కోసిన సీసాలు రెండు తలకిందులుగా నిలబెట్టి, ఉప్పునీటిలో గాలి ఆడిస్తూ ఆర్టీమియా అనే చిట్టి ఉప్పునీటి రొయ్యల గుడ్లను పొదిగిస్తే, ఒక రోజులో పిల్లలు బయటికి వస్తాయి. వాటి ఒంట్లోని పచ్చసొన కరిగేకొద్దీ పోషకం తగ్గిపోతుంది కనుక, వాటికి ముందు ఆల్గే (సన్నని నాచు) తినిపించి, ఆ తరువాతే చేపకు వేయాలి. కోపెపాడ్లనే సూక్ష్మ క్రస్టేషియన్లను పెంచడానికి విడిగా మరో తొట్టి, వాటికి మేతగా కిటికీ పక్కన ఆకుపచ్చ ఆల్గే సీసాలు ఉండేవి. మమ్మల్ని చూడడానికి వచ్చిన మా అత్తగారు వాటిని గోరింటాకు నీళ్లనుకున్నారు. ఇవన్నీ రెండు నెలలు తప్పకుండా నడిచాక, పైప్‌ఫిష్‌లలో కాస్త సులువైనదని పేరున్న నీలిచార రకాన్ని జతగా తెచ్చాను. అది కూడా నా కళ్లముందు గడ్డకట్టిన మేత తింటేనే కొంటానని దుకాణదారుతో చెప్పి, రెండుసార్లు వెళ్లి చూసుకుని మరీ తెచ్చాను. సన్నగా తరిగిన మైసిస్‌ను బతికున్న ఆర్టీమియాతో కలిపి, గాజు పిప్పెట్‌తో వాటి మూతి ముందు మెల్లగా వదులుతూ, ఆరువారాల్లో బతికున్న వాటి వాటా కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చాను. రోజుకు మూడుసార్లు తినిపించవలసి వచ్చేది. అవి బతికిన రెండేళ్లకు పైబడిన కాలంలో నేనూ మా ఆవిడా కలిసి ఒక్క సంక్రాంతికీ ఊరికి రాలేదు. ఒకరు వస్తే మరొకరు తొట్టి దగ్గర ఉండేవారు. మగచేప పొట్టకింద గుడ్లను అంటించుకుని మోయడం నాలుగుసార్లు చూశాను గానీ, పిల్లల్లో ఒక్కదాన్నీ దక్కించుకోలేకపోయాను.

ఇక మీ క్లౌన్‌ఫిష్ సంగతి. అవి చెడ్డవని కాదు, చురుకైనవి. పైప్‌ఫిష్ ఒక తునకను చూసి, ఆలోచించి, గురిపెట్టేలోపు అవి తొట్టిలోని మేతనంతా ఊడ్చేస్తాయి. నా తొట్టిలో ఆ జతకు తోడుగా గోబీలనే నెమ్మదైన చిన్న చేపలు తప్ప వేరేవి ఉండేవి కావు. క్లౌన్‌ఫిష్ కోసమని మీరు కుట్టే మీసాలున్న సముద్రజీవి అనిమోన్‌ను కూడా పెట్టి ఉంటే ఇక చర్చే అక్కరలేదు, దాని కాటుకు ఈ పుల్లలాంటి చేప తట్టుకోలేదు. పంపు నీటిని లాక్కునే చోట కూడా స్పాంజి తొడగాలి.

హైదరాబాదు వేడి మరో సమస్య. నేను నీటిని 24 డిగ్రీలు దాటనివ్వలేదు, ఎందుకంటే వేడి పెరిగేకొద్దీ విబ్రియో వంటి బ్యాక్టీరియా విజృంభించి, ఈ జాతిలో మూతి కుళ్లిపోయే జబ్బు త్వరగా వస్తుంది. మే నెలలో బయట 42 డిగ్రీలున్నప్పుడు చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) లేకుండా అది సాధ్యం కాదు, మధ్యాహ్నం కరెంటు పోతే మామూలు ఇన్వర్టర్ మీద చిల్లర్ ఎంతోసేపు నడవదు. పైగా మూడుపూటలా వేసే మేతలో మిగిలినదంతా నైట్రేటుగా మారుతుంది కనుక నీటిని తరచుగా మార్చాలి. బోరు నీళ్లయినా మంజీరా కుళాయి నీళ్లయినా ఆర్.ఓ., డి.ఐ. వడపోతలు దాటించి, నీటిలో కరిగిన పదార్థాల కొలతను (టి.డి.ఎస్.) సున్నాకు తెచ్చాకే ఉప్పు కలపాలి. క్లౌన్‌ఫిష్ సహించే చిన్న పొరపాట్లను ఇవి సహించవు.

సైనిక్‌పురిలోని మా ఇంట్లో ఇప్పుడున్న తొట్టిలో పైప్‌ఫిష్ లేవు. మీరు ఆశపడుతున్నది చేప ప్రవర్తనను గంటలకొద్దీ చూడడమే అయితే, కాపలా గోబీని, పిస్టల్ రొయ్యను జతగా పెట్టి చూడండి. చూపు సరిగా లేని రొయ్య ఇసుకలో బొరియ తవ్వుతూ ఉంటుంది, గోబీ గుమ్మం దగ్గర కాపలా ఉంటుంది; రొయ్య బయటికి వచ్చినప్పుడల్లా ఒక మీసాన్ని గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది, గోబీ తోక ఆడిస్తే వెనక్కి తగ్గుతుంది. ఆ గోబీ గడ్డకట్టిన మేతను అలవాటుగా తింటుంది, మీ క్లౌన్‌ఫిష్‌తోనూ సర్దుకుపోతుంది. అడుగున రెండు మూడు అంగుళాల ఇసుక వేసి, దాని మీద కాక గాజు మీదే రాళ్లను నిలబెట్టండి, లేకపోతే తవ్వకంలో అవి కూలతాయి. తొట్టిమీద సన్నని వలమూత కూడా బిగించండి, ఈ గోబీలు బెదిరితే ఎగిరి బయట పడతాయి. మా మొదటి గోబీ సోఫా కింద దొరికింది.