పిన్ లోయ తెల్ల క్వార్ట్‌జైట్‌కు ఏం పేరు రాయాలి?

హిమాచల్‌లోని స్పితిలో, పిన్ లోయలో చూసిన తెల్లటి క్వార్ట్‌జైట్‌కు (ఇసుక రేణువులు గట్టిగా అతుక్కుపోయిన రాయి) మీరు రిపోర్టులో 'పిన్ వైట్ క్వార్ట్‌జైట్' అని పేరు పెడితే గైడ్ కొట్టేశారని, ఏం రాయాలని అడిగారు. కారణం, ఆ రాతికి ముందే పేరు ఉండటమే అయి ఉంటుంది. స్పితిలో ముద్ ఊరి దగ్గర కనిపించే ఆ తెల్లటి పొరలు మూథ్ ఫార్మేషన్ (ఫార్మేషన్ అంటే మ్యాపులో విడిగా గుర్తించి, పేరు పెట్టిన రాతిపొరల సముదాయం). 1860ల్లోనే భూగర్భ శాస్త్రవేత్త స్టోలిచ్కా ఆ ఊరి పేరే ('మూథ్' అన్నది ముద్‌కు మరో స్పెల్లింగ్) పెట్టారు. పైగా 'పిన్' అన్నది దాని కింది ఫార్మేషన్ పేరు. కాబట్టి మీ సెక్షన్ (మీరు కొలిచి వర్ణించే పొరల వరుస) మూథ్‌దే అని చూపిస్తే చాలు.

1. తాజాగా పగలగొట్టిన ముక్కను లెన్స్‌తో చూడండి. పగులు ఇసుక రేణువులను చీల్చుకుంటూ పోయిందా (అలా పోతే క్వార్ట్‌జైట్), వాటి చుట్టూ తిరిగిందా (అయితే మామూలు ఇసుకరాయి) రాయండి. బయటి రంగును నమ్మొద్దు, ఇనుము మరకలు ఉంటాయి.

2. చాలామంది వదిలేసేది హద్దులు. కింద పిన్ ఫార్మేషన్ కార్బనేట్లు (సున్నపురాయి లాంటి రాళ్లు), పైన లిపాక్ ఫార్మేషన్. రెండు కాంటాక్టులూ (పొరలు కలిసే హద్దులు) కళ్లారా చూడాలి. మార్పు మెల్లగా జరిగితే ఏ పొరను హద్దుగా తీసుకున్నారో, ఎందుకో రాయండి. రాళ్ల కుప్పలు కప్పేసిన చోట ఊహించి గీత గీయకండి. 'కప్పబడింది' అని రాసి, పక్క వాగులో వెతకండి.

3. అక్కడ పొరలు బాగా ముడతలు పడ్డాయి. కొన్నిచోట్ల తలకిందులై కూడా ఉండొచ్చు. మందం కొలిచే ముందు క్రాస్ బెడ్డింగ్ (పొర లోపల ఏటవాలుగా కనిపించే గీతలు) చూసి ఏది పైవైపో తేల్చుకోండి.

4. రిపోర్టులో 'మూథ్ ఫార్మేషన్' అనే రాయండి. తెలుపు సంగతి వర్ణనలోకి వెళ్తుంది.